ఇటుక మీద ఇటుక: ఫాల్కన్ పక్షమా, డెస్ట్రాయర్ పక్షమా?

పోయిన సంచికలో ఒక వాక్యం రాశాను. "లెగో ఇటుకలతో కట్టే స్టార్ వార్స్ నౌకల్లో పేరంతా మిలీనియం ఫాల్కన్‌దే గానీ, కట్టడంగా చూస్తే స్టార్ డెస్ట్రాయరే మిన్న" అని. ఆ ఒక్క మాటకే సంపాదకుల బల్ల మీద ఉత్తరాల గుట్ట పడింది. కొందరు తిట్టారు, కొందరు లెక్కలు కట్టారు, ఒకాయన గళ్ల కాగితం మీద నిలువుకోత గీసి మరీ పంపారు. ఆయన మీద గౌరవం పెరిగింది, ఆయన వాదన మీద కాదు. ఎక్కువ ఉత్తరాలు మా చెన్నై నుంచే వచ్చాయి కాబట్టి ఈసారి శీర్షికంతా వాటికే ఇస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. లెగో అంటే బొడిపెల మీద నొక్కి ఒకదానికొకటి తగిలించే ప్లాస్టిక్ ఇటుకలు. స్టార్ వార్స్ అమెరికావాళ్ల అంతరిక్ష సినిమాలు. మిలీనియం ఫాల్కన్ అందులో కథానాయకుల నౌక, స్టార్ డెస్ట్రాయర్ శత్రువుల యుద్ధనౌక. నేను పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ కర్మాగారంలో, డ్రాయింగ్ ఆఫీసులో ఆ పెట్టెల బొమ్మలు గీసి రిటైరైనవాణ్ణి. ఆ సినిమాల్లో ఎవరు ఎవరికి తండ్రో నాకంతగా పట్టదు. నౌక పైపెంకు ఊడదీస్తే లోపల ఏముందో, అదే నా గోల.

ప్రశ్న: ఫాల్కన్‌లో 7,541 ముక్కలు. మీరు నెత్తిన పెట్టుకున్న డెస్ట్రాయర్‌లో 4,784. నా ఫాల్కన్ కట్టడానికి నేను పడ్డ శ్రమ నాకు తెలుసు. ఏ లెక్కన అది తక్కువైంది మీకు?
– దంతవైద్యుడు, కీల్పాక్

డాక్టరు గారూ, అంకెలు సరిగ్గానే చెప్పారు. 2017 ఫాల్కన్, 2019 డెస్ట్రాయర్ సంగతే మనం మాట్లాడుకుంటున్నది. కానీ ముక్కల లెక్కే గొప్పతనమైతే 2021లో వచ్చిన ప్రపంచ పటానికి మనమందరం దండం పెట్టాలి. అందులో 11,695 ముక్కలు. చాలావరకు చిన్న గుండ్రటి బిళ్లలు. గోడకి తగిలించుకోవచ్చు, అంతకుమించి ఏమీ లేదు.

నా వాదన ఇది. లెగో ఇటుక లంబకోణానికే పుట్టింది. బొడిపెకీ బొడిపెకీ మధ్య 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6, పల్చటి పలక ఎత్తు 3.2. ఈ కొలతలతో గోడ లేపడం తేలిక, వాలు కట్టడం కష్టం. డెస్ట్రాయర్ ఒళ్లంతా వాలే. 110 సెంటీమీటర్ల పొడుగున్న బాణం మొన అది. పైన రెండు, కింద రెండు పెద్ద త్రికోణపు రేకులు. ఆ నాలుగూ ఏ అంచు దగ్గరా లంబకోణంలో కలవవు. తమ బరువుకి తామే కుంగే ఆ రేకుల్ని లోపలి చట్రం మోయాలి. మొన దగ్గర సందు కనపడకూడదు. 2002లో వచ్చిన మొదటి పెద్ద డెస్ట్రాయర్‌లో, 3,096 ముక్కల దానిలో, ఈ రేకుల్ని అయస్కాంతాలతో నిలబెట్టారు. తెలివైన ఆలోచనే, కాస్త అదిరితే మాత్రం రేకు జారేది. 2019 నాటికి ఆ సమస్యని టెక్నిక్ అనే రంధ్రాల కడ్డీల చట్రంతో, కీళ్లతో తేల్చుకున్నారు. ఐసీఎఫ్ పెట్టెలో గోడలూ కప్పూ అడుగుచట్రమూ కలిసి బరువు మోస్తాయి. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. బరువంతా చట్రానిదే, పెంకు వేలాడుతూ ఉంటుంది. అలా వేలాడేదాన్ని ఒక్క గీతలా కనిపించేట్టు చేయడం డ్రాయింగ్ బల్ల ముందు కూర్చున్నవాడికే తెలిసే కష్టం.

మీ ఫాల్కన్‌లోనూ చట్రమే, దాని మీద పరిచిన రేకులే. కానీ దాని ఒంటి నిండా గొట్టాలు, గ్రిల్లులు, చిన్నా చితకా యంత్రభాగాలు. అభిమానులు వాటిని గ్రీబుల్స్ అంటారు. 1977 నాటి మొదటి సినిమాకి నమూనాలు చేసినవాళ్లు అంగళ్లలో దొరికే ట్యాంకుల ప్లాస్టిక్ కిట్లు కొని, విడదీసి, నౌకల ఒళ్లంతా అతికించారు. ఇటుకల్లో ఆ పనే లెగో వాళ్ల చిట్టి కుళాయిలతో, బైనాక్యులర్లతో, స్కేటు చెక్కలతో చేస్తారు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు, ఒప్పుకుంటాను. అయితే రేకుకీ రేకుకీ మధ్య సందు వస్తే ఒక గొట్టం అడ్డం పెట్టి కప్పేయొచ్చు. మసాలా వంకాయలో ఉప్పు అటూ ఇటూ అయినా సాగిపోతుంది, పెరుగన్నంలో సాగదు. డెస్ట్రాయర్ పెరుగన్నం.

ఇంత చెప్పినా ఫాల్కన్‌కి ఒక విషయంలో నేనే ఓటేస్తాను. 2007లో వచ్చిన పాత పెద్ద ఫాల్కన్‌కి లోపల గదుల్లేవు. 2017 దానిలో పైరేకు ఎత్తితే హాలు, అందులో చదరంగంలాంటి ఆట బల్ల, తుపాకీవాడు కూర్చునే చోటు ఉన్నాయి. రాడార్ పళ్లెం కూడా రెండు రకాలు ఇచ్చారు. పాత సినిమాల గుండ్రటిది, కొత్త సినిమాల దీర్ఘచతురస్రపుది. తండ్రి గుండ్రటిది పెడితే కొడుకు ఇంకోటి పెట్టుకోవచ్చు. ఒకే నౌకతో రెండు తరాల పోట్లాట తీర్చిన డిజైనరుకి నా నమస్కారం.

ప్రశ్న: ఫాల్కన్‌ని మినీఫిగర్ (లెగో చిట్టి మనిషి బొమ్మ) కొలతకి తగ్గట్టు చేశారు. డెస్ట్రాయర్‌లో మనిషి బొమ్మ అసలు పట్టదు, పక్కన ఊరికే నిలబెడతారు. కొలత లేని నమూనాని ఇంజనీరింగ్ అనడం ఏమిటి సార్? లెక్క జతపరిచాను.
– గళ్ల కాగితం పంపినవాడు, అంబత్తూరు

మీ లెక్కని ఇంకొంచెం ముందుకు లాగుదాం. కథ ప్రకారం ఫాల్కన్ పొడవు దాదాపు 35 మీటర్లు. మన చేతిలోది 84 సెంటీమీటర్లు. అంటే సుమారు 1:41, అసలులో నలభై ఒకటో వంతు. కథలో డెస్ట్రాయర్ పొడవు 1,600 మీటర్లు. దాన్నీ 1:41లోనే కట్టమంటే 39 మీటర్లు వస్తుంది. మా ఐసీఎఫ్ పెట్టె ఒక్కోటి 21 మీటర్ల పైచిలుకు. రెండు పెట్టెలు జోడించి, వాటి పక్కన నిచ్చెనలు వేసుకుని కట్టుకోవాలి మీరు. అంబత్తూరులో అంత షెడ్డుంటే చెప్పండి, నేనూ వస్తాను.

కొలత లేదనకండి, వేరే కొలత ఉంది. 110 సెంటీమీటర్లకి దాదాపు 1:1,450. సినిమాలో డెస్ట్రాయర్ తరిమే టాంటివ్ నౌకని ఆ సెట్టులో చిన్న వేలంతది ఒకటి ఇచ్చింది ఆ పరిమాణం మీకు తెలియాలనే. ఆ చిన్నదాన్ని పెద్దదాని ముందు పెట్టి చూడండి, తర్వాత మళ్లీ రాయండి.

ప్రశ్న: అయ్యా, మా అల్లుడు ఈ దసరాకి బొమ్మల కొలువులో తన ఫాల్కన్ పెడతానంటున్నాడు. మా అత్తగారి నాటి మరపాచి చెక్కబొమ్మల పక్కన ఇదేమిటని మా ఆవిడకి కోపం. మీరేమంటారు?
– మామగారు, మైలాపూరు

మెట్టు మీద పెట్టనివ్వకండి. ఇందులో శాస్త్రం ఏమీ లేదు, వెడల్పు 56 సెంటీమీటర్లు. మెట్టు లోతు చాలదు, ముందుకి వేలాడుతుంది, పట్టుచీర కొంగు ఒక్కసారి తగిలితే 7,541 ముక్కలూ మీ హాలులో. కింద నేల మీద పార్కు వేస్తారు కదా, గుడి, చెరువు, క్రికెట్ మైదానం, అక్కడ దిగనివ్వండి. దానికి దిగడానికి ఏడు కాళ్లున్నాయి. మీ ఆవిడతో నా మాటగా చెప్పండి: దశావతారాల వరస కదలకుండా ఉన్నంతకాలం కింద ఏ వాహనం ఆగినా అభ్యంతరం ఉండదు.

ప్రశ్న: నా దగ్గర విప్పని డబ్బాలు కొన్ని ఉన్నాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ కన్నా ఇవే మేలని మిత్రులు అంటున్నారు. మీరు కట్టడం గురించే మాట్లాడతారు గానీ విలువ గురించి మాట్లాడరేం?
– బ్యాంకు ఉద్యోగి, తాంబరం

మాట్లాడతాను. మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987 నుంచి 2015 దాకా వచ్చిన సెట్ల ధరలు తీసి చూస్తే, అమ్మకం ఆగిపోయిన సెట్లు సగటున ఏడాదికి 11 శాతమైనా పెరిగాయని తేలింది. మీ మిత్రులు చూపించేది ఈ అంకే అయి ఉంటుంది. అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది: ఒక్కో సెట్టుకి రాబడి సగానికి సగం నష్టం నుంచి ఆరు రెట్ల లాభం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. బ్యాంకులో పనిచేసే మీకు సగటుకీ మీ చేతికొచ్చేదానికీ తేడా నేను చెప్పక్కర్లేదు.

పాత ఫాల్కన్ కథే వినండి. 2007లో 500 డాలర్లకి అమ్మారు. మొదటి 10,000 డబ్బాలకి అంకె వేసిన సర్టిఫికెట్ ఇచ్చారు. తయారీ ఆగాక విప్పని డబ్బా వేల డాలర్లు పలికింది. సరిగ్గా అప్పుడు, 2017లో, కంపెనీ ఇంకా పెద్దది, లోపల గదులున్నది, 800 డాలర్లకి వదిలింది. పాతదాని ధర దిగిపోయింది. ఎప్పుడు మళ్లీ అచ్చేయాలో నిర్ణయించేది మీరు కాదు, డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో కూర్చున్న లెగో కంపెనీవాళ్లు. డిపాజిట్ రసీదుకి ఆ గొడవ లేదు.

అమ్ముకోవడానికి దాచినదాన్ని నేను తప్పు పట్టను. కానీ దాన్ని ఈ శీర్షికకి రాయకండి, వాణిజ్య పేజీ వాళ్లకి రాయండి. డబ్బా విప్పాక రండి, రాత్రంతా మాట్లాడుకుందాం.

ప్రశ్న: అంకుల్, చైనా నకలు సెట్టు మూడో వంతు ధరకే దొరుకుతోంది. స్టూడెంట్‌ని, అసలుది కొనలేను. తప్పా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, గిండీ

రెండు సంగతులు కలిపేశావమ్మా, విడదీద్దాం.

ఇటుక ఆకారం ఎవరి సొత్తూ కాదు. 1958లో తీసుకున్న పేటెంటు ఎప్పుడో కాలం తీరిపోయింది. ఆ ఆకారాన్నే ట్రేడ్‌మార్కుగా కాపాడుకోవాలని కంపెనీ చూసింది. కెనడా సుప్రీంకోర్టు 2005లో, ఐరోపా న్యాయస్థానం 2010లో కుదరదన్నాయి. కాబట్టి బొడిపెలకి బొడిపెలు పట్టే ఇటుకలు వేరే కంపెనీ తయారుచేస్తే అది దొంగతనం కాదు. సొంత డిజైన్లు చేసుకునే కంపెనీలు బోలెడున్నాయి, నిశ్చింతగా కొనుక్కో.

ఒక డిజైనరు నెలల తరబడి తలపగలగొట్టుకుని చేసిన సెట్టుని ముక్కకి ముక్క, ఎలా కట్టాలో చూపే పుస్తకంతో సహా అచ్చేసి అమ్మడం వేరు. లెపిన్ అని చైనాలో ఒక కంపెనీ ఉండేది, అదే చేసింది. 2019లో చైనా పోలీసులే షాంటోలో దాని గోదాముల మీద పడ్డారు. మరుసటి ఏడాది షాంఘై కోర్టు దాని ముఖ్యుడికి ఆరేళ్ల శిక్ష వేసింది. అలాంటిది కొంటే నిన్నెవరూ జైల్లో వేయరు. కానీ నువ్వు రేపు ఏదైనా డిజైన్ చేయబోయే పిల్లవి. నీ డ్రాయింగు ఇంకొకడు అచ్చేస్తే ఎలా ఉంటుందో నువ్వే చెప్పు.

ధర గురించి నీ బాధ న్యాయమైనదే. మన దేశంలో బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. అందుకే ఇక్కడి ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు కలిసి ఒక్కటి కొని, వంతులవారీగా విప్పి కట్టుకోండి. ఇటుకకి అరుగుదల లేదు. 1958 నాటి ఇటుక ఈనాటి దానికి చక్కగా పడుతుంది. అచ్చుల్లో మిల్లీమీటరులో నూరో వంతు తేడా కూడా రానివ్వకపోతే వచ్చిన పట్టు అది. నకళ్లలో నాసిరకం వాటితో పెద్ద నౌక కడితే తెలిసేది ఇదే. ఒక్కో చోటి తేడా చిన్నదే, వంద బొడిపెల పొడవు వెళ్లేసరికి చివర రెక్క కలవదు.

ప్రశ్న: తిరువాన్మియూరులో సముద్రానికి దగ్గర్లో ఉంటాం. తెల్ల రెక్కలు పసుపెక్కుతున్నాయి. ఉప్పుగాలి వల్లనేనా?
– రిటైర్డ్ హెడ్మాస్టరు

ఉప్పుగాలికి ఈ పాపం అంటదు, మాస్టారూ. అది మీ మరమేకుల్ని, గేటుని తింటుంది. ఇటుకలది ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్. దాని రంగు మార్చేది ఎండలోని అతినీలలోహిత కిరణాలు. పడమటి కిటికీ ఎదురుగా షోకేసు పెట్టారా? అక్కణ్ణుంచి జరపండి. ముదురు పరదా ఐనా వేయండి. కొందరు హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెట్టి తెలుపు తెప్పిస్తారు. వస్తుంది, కొన్నాళ్లకి మళ్లీ పసుపెక్కుతుంది. నేను చేయను. పసుపెక్కిన నౌక ఎక్కువ ప్రయాణాలు చేసినట్టు కనిపిస్తుంది నాకు.

దుమ్ముకి మెత్తటి మేకప్ బ్రష్. కడగాల్సివస్తే గోరువెచ్చటి నీళ్లు, 40 డిగ్రీలు దాటకూడదు. వాషింగ్ మెషీన్‌లో వేయకండి. స్టిక్కర్లున్న ముక్కలు విడిగా తీసి పొడిగుడ్డతో తుడవండి.

ఇదే సందర్భంలో వేళచ్చేరి నుంచి ఒకరు రాశారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నీళ్లు ఇంట్లోకొచ్చి కింద అరలో పెట్టిన డబ్బాలు మునిగాయట. ముక్కలకి ఏమీ కాదు, సబ్బునీళ్లలో కడిగి నీడన ఆరబెట్టండి. పుస్తకం పోతే కంపెనీ సైటులో ఉచితంగా దింపుకోవచ్చు. పోయేవి స్టిక్కర్లూ, అట్టపెట్టే. వేళచ్చేరిలో ఉంటూ కింద అర వాడడం మాత్రం ఇక మానండి.

ప్రశ్న: ఎప్పుడూ స్టార్ వార్సేనా? స్టార్ ట్రెక్ వాళ్లం మీకు కనపడమా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షోళింగనల్లూరు

కనపడతారు బాబూ, మీరే ఇన్నాళ్లూ ఎదురుచూశారు. 2016లో లెగోకి పోటీగా ఇటుకలు చేసే మెగా కన్‌స్ట్రక్స్ వాళ్లు స్టార్ ట్రెక్ సీరియల్లోని పాత నౌక ఎంటర్‌ప్రైజ్‌ని మూడు వేల పైచిలుకు ముక్కలతో తెచ్చారు. లెగో కంపెనీ 2025 చివరికి గానీ దాని తర్వాతి తరం నౌక ఎంటర్‌ప్రైజ్-డిని దించలేదు. 3,600 ముక్కలు, పళ్లెం భాగం విడిపోతుంది కూడా.

నిజానికి డెస్ట్రాయర్ కన్నా చిక్కుముడి మీ నౌకే. ముందు పెద్ద పళ్లెం, వెనక సన్నటి మెడ, ఇంకా వెనక్కి రెండు కొయ్యల మీద రెండు బరువైన ఇంజన్లు. బరువంతా ఇరుసుకి దూరంగా వేలాడుతుంది. అంతరిక్షంలో చెల్లుతుంది, షోళింగనల్లూరులో గురుత్వాకర్షణ ఉంది. మెడ దగ్గర ఏం చేశారో, కడుతున్నప్పుడు ఫొటోలు తీసి పంపితే వచ్చే సంచికలో దాని మీదే రాస్తాను.

ప్రశ్న: స్టార్ వార్స్‌లో డెత్ స్టార్ గుండ్రటి యుద్ధకేంద్రం కదా. వెయ్యి డాలర్ల ఆ సెట్టు గోళం కాదట, కోసిన ముక్కట. న్యాయమా?
– పేరు వద్దన్న పాఠకుడు, పోరూరు

2025లో వచ్చింది, 9,023 ముక్కలు, అంత ధరకి లెగో అమ్మిన మొదటి సెట్టు. నిండు గోళం కాకుండా నిలువుకోతలా, గదులన్నీ కనిపించేట్టు చేశారు. మీ బృందంలో చాలామందికి కోపమొచ్చిందని రాశారు. నిలువుకోతలు గీసి బతికినవాడికి అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. గోళం ప్రేమికులు క్షమించాలి, నాకు నచ్చింది. ధర నచ్చలేదు.

ప్రశ్న: తాతగారూ, నాకు 12 ఏళ్లు. నా దగ్గర పెద్ద సెట్లు లేవు, ఒక డబ్బా నిండా విడి ఇటుకలున్నాయి. అమెరికాలో మా పెదనాన్న కొడుకు నవ్వుతాడు. నేను సొంతంగా నౌక కట్టాలంటే ఎలా మొదలుపెట్టాలి?
– ఏడో తరగతి, వ్యాసర్పాడి

ఈ నెల వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉత్తరం నీదే. మీ అన్నయ్య చేసేది పుస్తకం చూసి కట్టడం. నువ్వు చేయబోయేది పుస్తకం లేకుండా. ఇలా సొంతంగా చేసినదాన్ని అభిమానులు మాక్ అంటారు. వాళ్లలో వాళ్లకి అసలు గౌరవం దానికే.

ముందు నీ ధైర్యం కోసం ఒక లెక్క. ఒకే రంగు 2×4 ఇటుకలు, అంటే రెండు వరసల్లో నాలుగేసి బొడిపెలున్నవి, ఆరు తీసుకో. వాటిని ఎన్ని రకాలుగా కలపొచ్చో తెలుసా? 91,51,03,765. ఆరుతోనే. నీ దగ్గర డబ్బా ఉంది.

మొదట వెన్నెముక వెయ్యి. పొడుగాటి పలకలు రెండు వరసలు, అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా మార్చి మార్చి. గోడ కట్టే మేస్త్రీని చూడు, అతను కూడా అంతే చేస్తాడు. తర్వాత ముందు చివర పైలట్ గది, వెనక చివర ఇంజన్లు. మధ్యలో ఏమొస్తుందో అప్పుడు దానికదే తోస్తుంది. రెక్కలతో మొదలుపెట్టినవాడు ఎప్పుడూ రెక్కలతోనే ఆగిపోతాడు.

ఇప్పుడు అసలు రహస్యం. పలక ఎత్తు 3.2 మిల్లీమీటర్లు అన్నాను కదా. ఐదు పలకలు పేరిస్తే 16. బొడిపెల మధ్య దూరం 8, రెండు బొడిపెల వెడల్పు కూడా 16. అంటే ఐదు పలకల ఎత్తు, రెండు బొడిపెల వెడల్పు సరిగ్గా సమానం. ఈ ఒక్క లెక్క తెలిస్తే ఇటుకల్ని పక్కకి తిప్పి, బొడిపెలు పైకి కాకుండా పక్కకి చూసేట్టు పెట్టి, మళ్లీ మామూలు ఇటుకలతో సందు లేకుండా కలపొచ్చు. పక్కన బొడిపె ఉన్న ఇటుకలు నీ డబ్బాలో ఉంటాయి, వెతుకు. పెద్ద నౌకల నున్నటి పక్కలన్నీ ఇలా చేసినవే. కాగితం మీద గీసి చూడు, తర్వాత చేత్తో చెయ్యి.

రంగులు కలగాపులగంగా ఉన్నాయని బాధపడకు. రెండే ఎంచుకో, మూడోది చారలకి. 1978లో మొదలైన లెగో పాత అంతరిక్ష సెట్లలో తొలినాటివి ఎక్కువగా నీలం, బూడిద రంగు, పసుపు అద్దాలు. 1979 నాటి గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ అంటే నా వయసువాళ్లు ఈనాటికీ కళ్లు పెద్దవి చేస్తారు. 2022లో దాన్నే ఇంకా పెద్దగా, 1,254 ముక్కలతో మళ్లీ తెచ్చారు. మళ్లీ తెచ్చినప్పుడూ ఆ రంగులే.

అంతా అయ్యాక పరీక్ష: ఒంటి చేత్తో పట్టుకుని గాల్లో గిర్రున తిప్పు, నోటితో చప్పుడు చేస్తూ. చప్పుడు తప్పనిసరి. ముక్క రాలకపోతే నౌక పాసయింది. నా మిత్రుల్లో పెద్ద ఉద్యోగస్థులు కూడా తలుపేసుకుని ఈ పరీక్ష చేస్తారు.

నీ ఇటుకలు అయిపోతే బ్రిక్‌లింక్ అనే ఇటుకల సైటు వాళ్ల స్టూడియో అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. ఎవరి కంప్యూటర్లోనైనా వేసుకుని ఎన్ని ముక్కలైనా వాడుకోవచ్చు. ప్రతి సెప్టెంబరులో ప్రపంచమంతా అభిమానులు 100 బొడిపెల పొడవు దాటే నౌకలు కడతారు, అంటే 80 సెంటీమీటర్లు. ఈ ఏడాది వద్దులే, 30తో మొదలుపెట్టు.

ప్రశ్న: అమెరికా రాకెట్లకి సెట్లున్నాయి. మన శ్రీహరికోట రాకెట్టుకి ఎందుకు లేదు? మా బడి పిల్లలతో కట్టించాలని ఉంది. కొలతలు సాయం చేస్తారా?
– సైన్సు టీచరు, పొన్నేరి

టీచరమ్మా, మీ ఊరి మీదుగానే కదా సూళ్లూరుపేట లోకల్ వెళ్లేది. మీ పిల్లలు మిద్దె ఎక్కితే రాకెట్టు కనిపించే చోట ఉండి ఈ ప్రశ్న అడగకపోతే ఇంకెవరడుగుతారు!

2017లో వచ్చిన అపోలో శాటర్న్ 5 సెట్టులో ముక్కలు 1,969, చంద్రుడి మీద దిగిన ఏడాదికి సరిపోయేట్టు. మీటరు ఎత్తు, 1:110. అది కంపెనీవాళ్ల సొంత ఆలోచన కాదు, అభిమానులు పంపిన నమూనా. లెగో ఐడియాస్‌లో 10,000 మంది మద్దతు వస్తే కంపెనీ పరిశీలిస్తుంది. కాబట్టి ఎందుకు లేదన్నదానికి జవాబు: సరైన నమూనా ఎవరో ఒకరు కట్టాలి. మీ బడే ఎందుకు కాకూడదు?

ఎల్వీఎం3 తీసుకోండి, 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లినది. ఎత్తు 43.5 మీటర్లు. శాటర్న్ పక్కన నిలబెట్టాలని 1:110లో కడితే దాదాపు 39.5 సెంటీమీటర్లు వస్తుంది. కానీ వ్యాసాలు ఇబ్బంది పెడతాయి. మధ్య దశ వ్యాసం 4 మీటర్లు, నాలుగున్నర బొడిపెలు. పక్కన ఎస్200 బూస్టర్లు 3.2 మీటర్లు, మూడున్నరకి పైగా. రెండింటినీ నాలుగుకి సవరిస్తే మధ్యదీ పక్కదీ ఒకే లావు కనిపిస్తాయి. చూసినవాళ్లు ఇది ఎల్వీఎం3 అనరు.

అందుకని శాటర్న్‌ని పక్కనపెట్టి 1:100కి రండి. ఒక బొడిపె 8 మిల్లీమీటర్లు, అంటే 80 సెంటీమీటర్లకి సమానం. మధ్య దశ సరిగ్గా 5 బొడిపెలు. బూస్టరు సరిగ్గా 4. పైన ఉపగ్రహాన్ని కప్పే తొడుగు 5 మీటర్లు, 6 బొడిపెల కన్నా పావు ఎక్కువ, 6 వేసేయండి. ఎత్తు 43.5 సెంటీమీటర్లు, అంటే 45 ఇటుకలు. ఈ లెక్క వేసి నేనే కాసేపు పెన్సిలు కింద పెట్టి కూర్చున్నాను. ఇస్రోవాళ్లు బొడిపెలతో కొలిచి గీశారా అన్నట్టు వచ్చింది.

ఐదు బేసి సంఖ్య, ఆరు సరి సంఖ్య. ఐదు మీద ఆరుని నడిమధ్యన కూర్చోబెట్టాలంటే అర బొడిపె జరగాలి. దానికి జంపర్ పలక ఉంది. 1×2 పలక మీద ఒకే బొడిపె, సరిగ్గా మధ్యలో. అలాంటివి ఓ డజను సంపాదించండి. లోపల మధ్యన 2×2 ఇటుకల స్తంభం కింది నుంచి పైదాకా వేయించి, నాలుగు దిక్కులా పక్క బొడిపెలున్న ఇటుకలు పెట్టి, వాటికి వంపు రేకులు తగిలించండి. శాటర్న్‌లోనూ కిటుకు ఇదే. బూస్టర్లని కింద ఒకచోట, పైన ఒకచోట రెండే రెండు పట్టులతో కలపండి, ఎక్కువ పట్టులు వేస్తే పిల్లలు విడదీసి చూపించలేరు. విడిపోవడమే కదా వాళ్లకి సరదా.

కష్టమంతా తొడుగు ముక్కు దగ్గర. సూటి శంకువు కాదది, మెల్లగా వంగుతుంది. మూడు నాలుగు రకాల వాలు ఇటుకలు పిల్లలకిచ్చి పోటీ పెట్టండి, ఎవరిది దూరం నుంచి చూస్తే నునుపుగా ఉంటుందో వాళ్లది ఎక్కించండి. పూర్తయ్యాక ఫొటో పంపండి. జంపర్ పలకలు ఎక్కడ వేశారో కనపడేలా, పైతొడుగు తీసి ఒకటి కూడా.